సగం ట్యాంకుతో వదిలేయకండి

ఏప్రిల్ 14 రాత్రి దాకా వేటే వేట. 15 తెల్లారేసరికి బోట్లన్నీ ఒడ్డు పట్టి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తాళ్లకు కట్టేసి ఉంటాయి. తూర్పు తీరంలో ఆ రోజు నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, ఇంజను ఉన్న పడవలు చేపల వేటకు వెళ్లకూడదు. గుడ్లు పెట్టే చేపను బతకనివ్వాలని పెట్టిన విరామం ఇది. 2015లో దీన్ని 61 రోజులకు పెంచారు. ఈ రెండు నెలలూ విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో సుత్తి చప్పుడు ఆగదు. చిరిగిన వలలు అల్లుకుంటారు, ఇంజను విప్పి బిగిస్తారు, రంగు కొడతారు, పెయింటర్‌ను పిలిచి బోటు పేరు మళ్లీ రాయిస్తారు. పైకి కనిపించేవన్నీ కొత్తవైపోతాయి. ట్యాంకు అడుగున మిగిలిన ఆయిల్ మాత్రం చాలామందికి గుర్తుండదు.

"ఉంటే ఉందిలే, ఎక్కడికి పోతుంది?" అంటారు. ఎక్కడికీ పోదు. ఉన్నచోటే ఉండి చెడిపోతుంది.

మీకు బోటు లేకపోవచ్చు. మధ్యలో ఆపేసిన పని ఒకటైనా ఉండే ఉంటుంది. నోటిఫికేషన్ రాలేదని అటకెక్కించిన గ్రూప్స్ పుస్తకాలు, బిడ్డ పుట్టిందని సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగం, అన్నదమ్ములిద్దరూ "తర్వాత మాట్లాడుకుందాం" అని లేచిపోయిన పంపకం. ఎలా వదిలామో అలాగే దొరుకుతాయని మన ధీమా. ఆ ధీమా ఎంత ఖరీదైనదో బోటు ట్యాంకు చెప్పినంత సూటిగా నాకు తెలిసిన ఏ పుస్తకమూ చెప్పలేదు. అందుకని ఈసారి ఉపన్యాసాలు పక్కనపెట్టి, ట్యాంకు మూత తీసి చూద్దాం.

లోపల జరిగేది

సగం నిండిన ట్యాంకులో పై సగం ఖాళీ అనుకుంటాం. అక్కడ ఉన్నది సముద్రపు గాలి. పగటి ఎండకు ఆ గాలి వ్యాకోచించి వెంట్ పైపులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే తేమగాలి లోపలికి వస్తుంది. ఆ తేమ ట్యాంకు గోడలకు చెమ్మగా పట్టి, చుక్కలై జారి, అడుగుకు చేరుతుంది. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు, లీటరు నీటిది కిలో. కాబట్టి నీటి చోటు ఎప్పుడూ కిందే. ఇంజనుకు ఆయిల్ అందించే పైపు మూతి ఉండేదీ ఆ దగ్గర్లోనే.

డీజిల్ స్వతహాగా గట్టి సరుకే. శుభ్రంగా, పొడిగా ఉంచితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలవ ఉంటుంది. 61 రోజులు దానికొక లెక్క కాదు. నీరు చేరాకే కథ మారుతుంది. డీజిలూ నీరూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఉండేది నీట్లో, తినేది డీజిల్‌ని. వాటిలో హార్మోకోనిస్ రెజినే అనే బూజు బాగా పేరుమోసింది. విమాన ఇంధనం కూడా కిరసనాయిలు జాతిదే, అందులోనూ ఇది పెరుగుతుంది. అందుకే దాన్ని కిరసనాయిలు బూజు అని కూడా పిలుస్తారు. నల్లగానో గోధుమ రంగులోనో జిగట పొరలు కడుతుంది. మన మెకానిక్కులు ఇంత చరిత్ర చెప్పరు, "మడ్డి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మడ్డిలోంచి పుట్టే ఆమ్లాలు ఇనుప ట్యాంకును లోపల్నుంచి కొరికేస్తాయి కూడా.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

పెట్రోలు గోల వేరు. విహారానికి తిప్పే స్పీడు బోట్ల వెనుక బిగించే మోటార్లలో చాలావరకు పెట్రోలువే. మన బంకుల్లో పెట్రోలు అంటే ఇప్పుడు ఉత్త పెట్రోలు కాదు. 2022 జూన్ నాటికి దేశంలో 10 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరుకున్నాం, 2025 కల్లా అది 20 శాతమైంది. చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే ఈ ఇథనాల్‌కు నీరంటే ప్రాణం. గాలిలోని తేమను లాక్కుని తనలో కలిపేసుకుంటుంది. కొంతవరకూ పరవాలేదు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 100 లీటర్లకు సుమారు అర లీటరు నీటిని ఇముడ్చుకోగలదు. ఇథనాల్ పెరిగితే ఆ ఓర్పు పెరుగుతుంది, తేమ మీద ఆశా పెరుగుతుంది. హద్దు దాటిన క్షణంలో ఇథనాలూ నీరూ ఒక జట్టు కట్టి, పెట్రోలును వదిలేసి, అడుగుకు దిగిపోతాయి. ఇంజను పీల్చేది ఆ అడుగు సరుకునే. పైన మిగిలిన పెట్రోలుకు ఇథనాల్ ఇచ్చే ఆక్టేన్ బలం పోతుంది. అంటే కిందదీ పనికిరాదు, పైదీ పనికిరాదు.

నీరు చేరకపోయినా పెట్రోలు ముసలిదవుతుంది. తేలిగ్గా మండే భాగాలు ముందు ఆవిరైపోతాయి, అందుకే పాత పెట్రోలుతో ఇంజను ఒక పట్టాన అందుకోదు. మిగిలింది గాలితో కలిసి జిగురు కట్టి, కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాల్ని మూసేస్తుంది. మూడు నెలలు దాటిన పెట్రోలును నేనైతే అనుమానంగానే చూస్తాను. పాత రబ్బరు గొట్టాల్ని కూడా, ఇథనాల్ వాటినీ వదలదు కాబట్టి. అమెరికాలో 2000 తర్వాతి దశాబ్దంలో పెట్రోలులో ఇథనాల్ వాడకం పెరిగినప్పుడు కొన్ని పాత బోట్ల ఫైబర్‌గ్లాస్ ట్యాంకులే లోపల మెత్తబడిపోయాయి. అక్కడి ఉత్తరాది రాష్ట్రాల్లో సరస్సులు గడ్డకట్టే ముందు బోటును పడుకోబెట్టడం ఏటా చేసే తంతు. మనకు వేసవి, వాళ్లకు శీతాకాలం, ట్యాంకు లోపలి గొడవ మాత్రం ఒకటే.

ఆపే రోజూ పని రోజే

సీజను ఆఖరి రోజున అందరి ధ్యాసా ఆఖరి వేట మీదే ఉంటుంది. ఎంత చేప పడింది, ఐసుకు ఎంతయింది, కళాసీల వాటా ఎంత. లెక్కలు తెగాక ఎవరి ఇంటికి వాళ్లు. ఆఫీసుల్లోనూ ఇంతే. దీర్ఘ సెలవు మీద వెళ్లే మనిషి ఆఖరి సాయంత్రం కేకు కోసి, ఫొటోలు దిగి, సగం రాసిన మెయిళ్లు కంప్యూటర్‌లోనే వదిలేసి వెళ్లిపోతుంది. మొదలుపెట్టడానికి ముహూర్తాలు చూసే మనం, ఆపడానికి ఒక గంట కూడా కేటాయించం. నా లెక్కలో ఆపడం కూడా నైపుణ్యమే, దాన్ని నేర్పేవాళ్లే తక్కువ.

ట్యాంకు విషయంలో నిర్ణయం రెండింట్లో ఒకటి: నింపడమో, ఖాళీ చేయడమో. బోటులో కదలకుండా బిగించి ఉన్న పెద్ద డీజిల్ ట్యాంకును నింపడమే మేలు. వేడికి పొంగడానికి కాస్త చోటు వదిలి మిగతాది నింపేస్తే, లోపల గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే తేమ తగ్గుతుంది. చేత్తో ఎత్తి పక్కన పెట్టగల చిన్న పెట్రోలు ట్యాంకును మాత్రం ఖాళీ చేయండి, పూర్తిగా ఆరనివ్వండి. కార్బురేటర్ ఉన్న ఇంజనైతే దాని గిన్నెలో నిలిచిన పెట్రోలు కూడా తీసేయాలి. ఇంజెక్షన్ ఇంజనైతే సొంత తెలివి వద్దు, కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడండి. అన్నిటికంటే చెడ్డది సగం ట్యాంకు. మన అందరి ఇష్టం కూడా అదే, ఎందుకంటే దానికి ఏ నిర్ణయమూ అక్కర్లేదు.

నిండు ట్యాంకుకు ఒక భయం ఉంది, దాచడం మంచిది కాదు. 2023 నవంబరులో ఒక రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని పదుల సంఖ్యలో బోట్లు బుగ్గయ్యాయి. బోట్లలో నిలవ ఉన్న డీజిలూ వంట గ్యాసు సిలిండర్లూ ఆ మంటకు తోడయ్యాయి. కాబట్టి నింపిన బోటులో సిలిండరు ఉంచకండి, బ్యాటరీ తీగలు విప్పేయండి, అదనపు డబ్బాల్లో ఆయిల్ దాచకండి, రాత్రి కాపలా ఉండేలా చూడండి. పెట్రోలును ఇంట్లో కుదురుగా దాచుకుంటానంటారా, పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోకూడదు. ఆ 30 కూడా పడుకునే గదిలో కాదు.

ఇంధనం నిలవ ఉండటానికి స్టెబిలైజర్ అనే మందు దొరుకుతుంది. దీని గురించి ఒకే ఒక్క మాట: అది తాజా సరుకును కాపాడుతుంది, చెడినదాన్ని బాగుచేయదు. తాజా పెట్రోలులో కలిపి, ఇంజను పది పదిహేను నిమిషాలు నడిపితేనే ఆ మందు గొట్టాల్లోకీ కార్బురేటర్‌లోకీ చేరుతుంది. ట్యాంకులో పోసి మూత పెట్టేస్తే సగం పనే.

ఇంకా చిన్నది, ఇంకా ముఖ్యమైనది: డెక్కు మీద ఆయిల్ పోసే మూత. దాని కింద ఒక రబ్బరు వాషరు ఉంటుంది. ఎండకు ఎండి, పగుళ్లిచ్చి, నొక్కితే పెళుసుగా తునుగుతుంది. వేసవి వానలు పడ్డప్పుడు మూత చుట్టూ నిలిచిన నీరు ఆ పగులులోంచి చుక్కచుక్కగా లోపలికి దిగుతుంది. ట్యాంకులో నీరు చేరిందంటే అందరూ బంకువాడిని తిడతారు. బంకువాడిని తిట్టే ముందు ఆ వాషరు ఒకసారి వేలితో తడిమి చూడండి. వెంట్ పైపును మాత్రం మూసేయకండి, వేడికి పొంగే గాలికి దారి ఉండాలి. చివరగా, ఒక మార్కరు తీసుకుని ట్యాంకు పక్కనే రాయండి: ఏ తేదీన, ఎన్ని లీటర్లు, ఏ మందు కలిపారు. రెండు నెలల తర్వాత మీ జ్ఞాపకం కంటే ఆ గీతలే నమ్మకమైనవి.

సెలవు మీద వెళ్లే ఉద్యోగికీ నేను చెప్పేది ఇంతే. ఏ ఫైలు ఎక్కడ ఆగింది, దాని తర్వాతి అడుగు ఏమిటి, ఎవరిని అడగాలి అని ఒక కాగితం మీద రాసి పెట్టండి. పూర్తిచేయగలిగినవి పూర్తిచేయండి, చేయలేనివి ఇంకొకరికి పూర్తిగా అప్పగించండి. "నేనే వచ్చి చూసుకుంటా" అని సగం మీ దగ్గర, సగం వాళ్ల దగ్గర ఉంచకండి. పోటీ పరీక్షలవాళ్లు పుస్తకం మూసే రోజున, ఎక్కడిదాకా చదివారో కాదు, ఏది అర్థం కాలేదో రాసుకుంటే మంచిది. తిరిగి కూర్చున్న రోజు మొదటి గంట అక్కడే ఖర్చవుతుంది.

ఆగడం ప్రతిసారీ తేదీ చెప్పి రాదు. 2020లో మార్చి 25న లాక్‌డౌన్ పడింది, వేట విరామానికి ఇంకా మూడు వారాలుండగానే బోట్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అలాంటి రోజుకు సిద్ధంగా ఉన్నది ఎవరంటే, వేట నడుస్తున్న రోజుల్లోనే ఫిల్టరు కింది గిన్నెలోంచి నీరు వదిలే అలవాటున్నవాళ్లు.

సీసాలో పట్టి చూడండి

విరామం అయిపోవచ్చే రోజుల్లో కాకినాడ జెట్టీ దగ్గర ఒక ముసలి సరంగు చేసిన పని చూశాను. కుర్ర మెకానిక్ అప్పటికే ఇంజను తిప్పి చూసి, ఆనందంగా చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఒక్క దెబ్బకే అందుకుంది బాబాయ్. ఇంకేం చూడాలి?"

"జెట్టీలో అందుకుంటే ఏం లాభంరా అబ్బాయ్? మొగ దాటాక అందుకోవాల."

అని, ట్యాంకు అడుగునున్న కుళాయి కింద తెల్ల గాజు సీసా పెట్టాడు. ముందు వచ్చింది టీ డికాక్షన్ రంగులో ఉంది. రెండో సీసా, మూడో సీసా పట్టాడు. వాటిని వరసగా నీడలో చెక్క మీద పెట్టి, బీడీ కూడా ముట్టించకుండా దూరంగా పోయి కూర్చున్నాడు. గంట తర్వాత మొదటి సీసా అడుగున వేలెడు నీరు తేరింది, నీటికీ ఆయిల్‌కీ మధ్య చీకినట్టున్న నల్ల పొర వేలాడుతోంది. మూడో సీసా ఎత్తి వెనకాల దినపత్రిక పెట్టి చూశాడు. అక్షరాలు చదవొచ్చు. "ఇది మనది, అది కాదు" అన్నాడు, రెండు సీసాల్నీ చూపించి.

ఇంజను జెట్టీలో బాగానే తిరగడం వెనుక ఒక మోసం ఉంది. నిలకడ నీట్లో మడ్డి కూడా నిలకడగా పడుకునే ఉంటుంది. పైన ఉన్న శుభ్రమైన డీజిలే ఇంజనుకు అందుతుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అల కొట్టడంతోటే ట్యాంకంతా కలగాపులగమై, ఆ మడ్డి ఒక్కసారిగా ఫిల్టరును కప్పేస్తుంది. ఇంజను ఆగిపోతుంది. బోటుకు ఇంజను అత్యంత అవసరమైన చోటు అదే. రోడ్డు మీద బైకు ఆగితే దిగి నెట్టుకుంటాం. మొగలో అడ్డం తిరిగిన బోటును ఎవరు నెడతారు?

మన తెలివితేటలనూ, మన సంబంధాలనూ జెట్టీలోనే పరీక్షించుకుని సంతోషపడటం మనకు అలవాటు. ఇంట్లో కూర్చుని పాత నోట్సు తిరగేస్తే అన్నీ గుర్తున్నట్టే ఉంటుంది. మాక్ టెస్టుకు కూర్చున్నాక తెలుస్తుంది. రెండేళ్ల కిందటి కరెంట్ అఫైర్స్ చూడ్డానికి చక్కగానే ఉంటాయి, మంత్రుల పేర్లే మారిపోయి ఉంటాయి. కాబట్టి మళ్లీ మొదలుపెట్టే ముందు అడుగునుంచి ఒక సీసా పట్టండి. సులువైనది కాదు, మీకు భయమున్నది ముందు పరీక్షించండి. చిన్న విమానాలు నడిపే పైలట్లు ఎగిరే ముందు రెక్కల కింది చిన్న కవాటం నొక్కి, గాజు గొట్టంలో ఇంధనం పట్టి, నీటి బొట్టు ఉందేమో చూస్తారు. నిన్న సాయంత్రమే ఎగిరిన విమానమైనా సరే. వాళ్లకది అవమానం అనిపించదు.

పెట్రోలుకు ఇంకో తేలిక పరీక్ష ఉంది, బంకుల్లో చేసేదే. ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆవిరైపోతుంది. జిగురు కట్టిన పాత సరుకు మరక మిగులుస్తుంది. ముక్కు కూడా చెబుతుంది: తాజా పెట్రోలు వాసన పదునుగా ఉంటుంది, పాతది పుల్లగా, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు కొడుతుంది. కావాలని దగ్గరగా పీల్చకండి, మూత తీయగానే తెలిసిపోతుంది.

పోసిన డబ్బు

ఇక్కడే మనిషి అసలు పరీక్ష. ట్యాంకులో 300 లీటర్ల అనుమానపు డీజిల్ ఉందనుకుందాం. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 28,500. చేతిలో డబ్బు లేని కాలమది, రెండు నెలలుగా వేట లేదు. "కొత్తది కలిపి కొట్టేద్దాం" అనే మాట ఎవరో ఒకరి నోట తప్పకుండా వస్తుంది.

ఆ మాట వినే ముందు మూడు రకాలుగా చూడాలి. నీరు మాత్రమే చేరి, డీజిల్ తేటగా ఉంటే భయం లేదు. అడుగునుంచి నీరు వదిలేసి, కదపకుండా తేరనిచ్చి, నీటిని వేరుచేసే ఫిల్టరు గుండా పంపి వాడుకోవచ్చు. 300లో పోయేది కొద్దిపాటే. నల్ల పొరలు కనిపిస్తే మాత్రం ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, బూజును చంపే మందు వాడి, ఫిల్టర్లు మార్చక తప్పదు. మందు ఒక్కటే పోసి ఊరుకుంటే చచ్చిన బూజు కూడా ఫిల్టరులోకే వస్తుంది. ఇక రెండు పొరలుగా విడిపోయిన పెట్రోలుకు వైద్యం లేదు. ఎంత కుదిపినా, ఎంత కొత్తది పోసినా, ఏ మందు వేసినా అది మొదటి పెట్రోలు కాదు. వదిలేయండి.

వదిలేయడం ఎందుకంత కష్టం? పోసిన డబ్బు కళ్లముందు ఉంటుంది, పాడయ్యే ఇంజెక్షన్ పంపు ఖర్చు ఇంకా బిల్లుగా రాలేదు కాబట్టి. పోయినదాన్ని కాపాడుకోవడానికి ఉన్నదాన్ని పణంగా పెడతాం. నాలుగేళ్లు పోశాం కదా అని పనికిరాని కోర్సు ఐదో ఏడూ చదువుతాం. ఇంత దూరం వచ్చాం కదా అని నష్టం వచ్చే కొట్టుకు ఇంకో అప్పు తెస్తాం. ఈ పరిస్థితిలో నన్ను కాపాడే ప్రశ్న ఒకటుంది: "ఈ సరుకు నా దగ్గర లేదనుకో, ఇదే స్థితిలో ఎవరైనా సగం ధరకు అమ్ముతానంటే కొంటానా?" కొననని లోపల్నుంచి సమాధానం వస్తే, అది నా ట్యాంకులో ఉండటానికీ అర్హత లేదు.

నష్టం ఒప్పుకున్నాక ఇంకో ప్రలోభం వస్తుంది, దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దడం. పక్క బోటువాడికి తక్కువకు అమ్మేయడం, తెలిసిన కుర్రాడి బైకులో పోయించడం. మీ చేతికి 5,000 వస్తుంది, వాడి బండి షెడ్డుకు పోతుంది. హార్బర్ చిన్నది, మాట తొందరగా తిరుగుతుంది. అంతకంటే ఘోరం రాత్రిపూట చడీచప్పుడు లేకుండా నీట్లో వదిలేయడం. ఏ నీటిలోంచి బతుకు తెచ్చుకుంటున్నామో ఆ నీటి మీదే పొర కడుతుంది. మట్టిలో పోస్తే బావిలోకి దిగుతుంది. పాత ఇంధనాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పట్టి, మీద రాసి, వాడేసిన ఇంజనాయిల్ తీసుకునే అధీకృత రీసైక్లర్లకే అప్పగించాలి. ఎవరికి అనుమతి ఉందో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడగండి. కట్టెల పొయ్యి మీద చల్లడం, కిరసనాయిలు స్టవ్వులో కలపడం లాంటి పొదుపులు వద్దే వద్దు.

తీసేటప్పుడు కూడా ఒక మాట. గొట్టం నోట్లో పెట్టి పీల్చే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాలా పట్టుకుని ఆసుపత్రి పాలు చేస్తుంది. చేత్తో నొక్కే చిన్న పంపు కొనండి, అదేమీ పెద్ద ఖర్చు కాదు. పట్టిన సరుకును నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. పిల్లలు నీళ్లనుకుని తాగుతారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగు గదిలో కనపడకుండా పోగుపడుతుంది. మూతలు తెరిచి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే స్విచ్చు ముట్టుకోండి.

ఎవరి పని?

ఇంతా చదివాక యజమాని అంటాడు: "ఇదంతా సరంగు చూసుకుంటాడు." సరంగు అంటాడు: "మెకానిక్ వచ్చినప్పుడు చెబుతాంలే." మెకానిక్ ఇంజను వరకే తన పని అనుకుంటాడు, ట్యాంకు ఆయనకు బోటులో భాగం. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోయేది ఇలాగే. దీనికి మీటింగులు అక్కర్లేదు. ఒక పేరు, ఒక తేదీ చాలు: ఏప్రిల్ 16న ఎవరు నింపుతారు, జూన్ 10న సీసా ఎవరు పడతారు. పేరు రాసినవాడికి దానికి అయ్యే ఖర్చూ చేతిలో పెట్టండి. బాధ్యత ఇచ్చి డబ్బు ఇవ్వకపోవడం మన ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఉన్న పాత జబ్బు.

జూన్ 10 అనడానికి కారణముంది. 14 రాత్రి చాలా రేవుల్లో గంగమ్మకు పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, అర్ధరాత్రి దాటగానే తాళ్లు విప్పేయడానికి అందరూ కాచుకుని ఉంటారు. ఆ సందట్లో ట్యాంకులో నల్ల పొర కనిపించిందని ఎవరైనా చెబితే వినేవాడుండడు. నాలుగు రోజుల ముందైతే మెకానిక్ దొరుకుతాడు, ఫిల్టర్లు దొరుకుతాయి, కాదని నిర్ణయించడానికి ధైర్యమూ దొరుకుతుంది.

మొదటి ప్రయాణం దూరం పోకండి. ఒడ్డు కనిపించే దూరంలో, ఇంకో బోటు తోడుగా, కనీసం రెండు కొత్త ఫిల్టర్లూ స్పానర్లూ దగ్గర పెట్టుకుని, కావాలనే కాస్త అల ఉన్న చోటికి తీసుకెళ్లండి. ట్యాంకు బాగా కలిసేలా ఓ గంట తిప్పి తిరిగి రండి. ఫిల్టరు మార్చడం, లోపల చేరిన గాలి తీయడం బోటులో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి, అదీ చీకట్లో కూడా చేయగలిగేలా. మళ్లీ ఉద్యోగంలో చేరేవాళ్లకూ, మళ్లీ పుస్తకం పట్టేవాళ్లకూ ఇదే వేగం సరిపోతుంది. మొదటి వారమే పాత జోరు చూపించాలనే తాపత్రయం అనవసరం. ఆ వారంలో ఎక్కడ తట్టుకుంటున్నారో చూసుకోవడానికే మొదటి ప్రయాణం.

వచ్చాక ఫిల్టరు గిన్నెలోది మళ్లీ అదే తెల్ల సీసాలోకి వంపి చూడండి. తేటగా ఉంటే మామూలు వేళకే ఫిల్టరు మార్చుకోవచ్చు. మళ్లీ నల్లగా వస్తే ట్యాంకు మూత విప్పి కడగాల్సిందే. ఆ పని మాత్రం ఇంట్లోవాళ్లతో కానివ్వకండి. మూసి ఉన్న ట్యాంకులో ఊపిరాడే గాలి ఉండదు, దిగిన మనిషి కేక వేసేలోపే పడిపోతాడు, అతణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. గాలి కొట్టే ఏర్పాటు, నడుముకు తాడు, పైన కనిపెట్టుకుని ఉండే మనిషి, ఈ మూడూ ఉన్న అనుభవజ్ఞుల్నే పిలవండి. వాళ్లు దొరికేదాకా బోటు మరో నాలుగు రోజులు కట్టేసి ఉన్నా సరే.